స్టూలు మీద నిల్చున్న గురువు

1944 నవంబరు 29. అమెరికాలోని బాల్టిమోర్ నగరం. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఒక ఆపరేషన్ థియేటర్. బల్ల మీద పదిహేను నెలల పాప, పేరు ఐలీన్ శాక్సన్. ఏడాది దాటినా ఐదు కిలోల బరువైనా లేదు. పెదవులు నీలం, గోళ్లు నీలం. పక్కన సర్జరీ విభాగం అధిపతి డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన చేయబోయే ఆపరేషన్ అంతకుముందు ఏ బిడ్డకూ ఎవరూ చేయలేదు.

బ్లాలాక్ కుడి భుజం వెనకాల ఒక స్టూలు వేశారు. దాని మీద ముప్పై నాలుగేళ్ల నల్లజాతి మనిషి నిల్చుని తొంగి చూస్తున్నాడు. ఆయన డాక్టరు కాదు. మెడికల్ కాలేజీ మాట అటుంచండి, మామూలు కాలేజీ గడప కూడా తొక్కలేదు. అయినా అంత పెద్ద సర్జనూ మధ్యమధ్యలో ఆగి ఆయన్నే అడుగుతున్నాడు. కోత ఇంత పొడవు సరిపోతుందా? కుట్లు ఇంకాస్త దగ్గరగా పడాలా? స్టూలు మీది మనిషి నెమ్మదిగా జవాబిస్తున్నాడు. కుట్టు అటునుంచి కాదు, ఇటునుంచి రావాలని సరిచేశాడు కూడా.

ఆయన పేరు వివియన్ థామస్. విశ్వవిద్యాలయం జీతాల పుస్తకంలో ల్యాబ్ టెక్నీషియన్. ఈ ఆపరేషన్‌ను ప్రయోగశాలలో కుక్కల మీద ఎన్నో సార్లు చేసిన మనిషి. మరి బ్లాలాక్ ఎన్నిసార్లు చేశాడంటారా? ఒకే ఒక్కసారి. అదీ థామస్‌కు సహాయకుడిగా!

విశ్వవిద్యాలయమంటే మనకు గుర్తొచ్చేది ప్రొఫెసర్లు, వైస్‌ఛాన్సలర్లు, పట్టాలు పుచ్చుకునే పిల్లలు. అక్కడే పనిచేస్తూ ఫొటోలో పడని వాళ్లు ఇంకో సగం మంది ఉంటారు. వాళ్ల సేవను ఎవరు గుర్తించాలి, ఎప్పుడు గుర్తించాలి, దేనితో గుర్తించాలి? ఈ ప్రశ్నలకు థామస్ జీవితం కంటే మంచి పాఠం దొరకడం కష్టం.

థామస్ వడ్రంగి కొడుకు. 1910లో లూసియానా రాష్ట్రంలో పుట్టాడు, టెన్నెసీలోని నాష్‌విల్‌లో పెరిగాడు. తండ్రి దగ్గర చెక్కపని నేర్చుకున్నాడు. మిల్లీమీటరు తేడా వస్తే తలుపు బిగిసిపోతుందని ఆ పని నేర్పుతుంది కదా, ఆ చేతివాటమే తర్వాత రక్తనాళాలు కుట్టడానికి అక్కరకొచ్చింది. డాక్టరు కావాలన్నది కుర్రాడి కోరిక. 1929లో హైస్కూలు పూర్తిచేసి, వడ్రంగం చేస్తూ కాలేజీ ఫీజు కోసం పైసా పైసా కూడబెట్టాడు. ఆ అక్టోబరులోనే అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. చేతిలో పని పోయింది. కొన్నాళ్లకు డబ్బు దాచుకున్న బ్యాంకూ మూతపడింది. కాలేజీ ఆశ అక్కడితో సరి.

1930 ఫిబ్రవరిలో ఒక స్నేహితుడు చెబితే, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లాలాక్ అనే యువ డాక్టరు ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. వారానికి పన్నెండు డాలర్లు. పరిస్థితి కుదుటపడేదాకా కొన్ని నెలలు చేద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నాడు. ఆ కొన్ని నెలలు నలభై తొమ్మిదేళ్లు అయ్యాయి.

బ్లాలాక్‌కు పనివాడు అక్కర్లేదు, నేర్చుకునే మనిషి కావాలి. నేర్చుకునే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? కుక్కకు మత్తు ఇవ్వడం, కోయడం, కుట్టడం, రక్తపోటు కొలవడం, రసాయన పరీక్షలు చేయడం, లెక్కలన్నీ పుస్తకంలో ఎక్కించడం... కొద్దికాలంలోనే ఆ ల్యాబులో పని థామస్ చేతి మీదుగా నడవసాగింది. ఒకరోజు ఏదో పొరపాటు జరిగితే బ్లాలాక్ నోటికొచ్చినట్టు తిట్టాడు. అలాంటి మాటలు పడటానికి తానిక్కడికి రాలేదని థామస్ తేల్చి చెప్పేశాడు. 1930లో, అమెరికా దక్షిణాది రాష్ట్రంలో, ఒక నల్లజాతి కుర్రాడు తెల్లజాతి యజమానితో ఆ మాట అనడమంటే సామాన్యం కాదు. బ్లాలాక్ క్షమాపణ చెప్పాడు. మళ్లీ అలా తిట్టనని మాటిచ్చాడు.

ఇద్దరూ కలిసి తేల్చిన మొదటి పెద్ద సంగతి, దెబ్బలు తగిలిన మనిషి ‘షాక్’లోకి ఎందుకు వెళతాడన్నది. అప్పటిదాకా గాయమైన చోట పుట్టే విషాలే కారణమని చాలామంది నమ్మేవారు. కాదు, ఒంట్లో రక్తం, ద్రవాలు తగ్గిపోవడమే కారణమని ఈ ల్యాబు నిరూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వెంటనే రక్తం, ప్లాస్మా ఎక్కించి ప్రాణాలు నిలబెట్టడానికి ఈ పరిశోధన దారి చూపింది.

ఇంత చేస్తున్న మనిషి హోదా ఏమిటి? ఒకరోజు తోటి ఉద్యోగితో పిచ్చాపాటీ మాట్లాడుతుంటే థామస్‌కు అసలు సంగతి తెలిసింది. విశ్వవిద్యాలయం లెక్కల్లో తన ఉద్యోగం ‘జానిటర్’. అంటే గదులు ఊడ్చి తుడిచే పనివాడు! చేస్తున్నది పరిశోధన, తీసుకుంటున్నది పారిశుద్ధ్య సిబ్బంది జీతం. థామస్ వెళ్లి అడిగాడు. ఆ తర్వాత జీతం పెరిగింది. అడక్కపోతే? ఆ గదిలో రోజూ కుక్క గుండె నాడి పట్టి చూసే వాళ్లలో ఒక్కరికీ జీతాల పుస్తకంలో ఏం రాసి ఉందో చూడాలనిపించలేదు.

బ్లాలాక్‌ను కూడా పూర్తిగా తప్పుపట్టలేం. 1937లో డెట్రాయిట్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఆయన్ని రమ్మంది. థామస్‌నూ వెంట తీసుకొస్తానన్నాడు. నల్లజాతి వాళ్లను ఉద్యోగంలోకి తీసుకోమని వాళ్లు చెబితే, ఆ కొలువే వద్దన్నాడు. 1941లో జాన్స్ హాప్కిన్స్ పిలిచినప్పుడు మాత్రం పట్టుబట్టి థామస్‌ను తీసుకెళ్లాడు. అక్కడ నల్లజాతి ఉద్యోగులంటే ఊడ్చేవాళ్లు, తుడిచేవాళ్లే. మరుగుదొడ్లు కూడా వేరు. తెల్ల కోటు వేసుకుని థామస్ వరండాలో నడుస్తుంటే జనం ఆగి మరీ చూసేవారట.

అప్పుడొచ్చింది నీలి పాపల సమస్య. కొందరు బిడ్డలు గుండెలో లోపంతో పుడతారు. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకైపోయి రక్తం సరిగా వెళ్లదు. ప్రాణవాయువు అందని రక్తమే ఒంట్లో తిరుగుతుంటుంది. అందుకే ఆ నీలం. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో చతికిలబడతారు. చాలామంది పెద్దవాళ్లు కాకుండానే పోయేవారు. ఆ పిల్లల్ని రోజూ చూస్తున్న డాక్టర్ హెలెన్ టాసిగ్ 1943లో బ్లాలాక్ దగ్గరకు వచ్చింది. ఆమెకు వినికిడి శక్తి పోయింది. స్టెతస్కోపుతో పనిలేకుండా పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండె చప్పుడు తెలుసుకునేది. ప్లంబర్ పైపులు మార్చి బిగించినట్టు మీరు రక్తనాళాలు మార్చి ఈ పిల్లల ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తం వెళ్లేలా చేయలేరా? ఇదీ ఆమె అడిగింది.

బ్లాలాక్ ఆ పని థామస్ చేతిలో పెట్టాడు. ముందు కుక్కలో ఆ జబ్బు తెప్పించాలి. తర్వాత దాన్ని నయం చేయాలి. దాదాపు రెండేళ్లు, సుమారు రెండు వందల కుక్కలు. చేతికి వెళ్లే రక్తనాళాన్ని మళ్లించి ఊపిరితిత్తులకు వెళ్లే నాళానికి కలిపితే కుక్క బతుకుతోంది, ఆ చేతికీ నష్టం లేదు. అలా బతికిన వాటిలో అన్నా అనే కుక్క ఎంత పేరు తెచ్చుకుందంటే హాప్కిన్స్ గోడ మీద దాని చిత్రపటం పెట్టారు. పసిబిడ్డల సన్నటి నాళాలకు తగిన పనిముట్లు అప్పుడు బజారులో లేవు. ఉన్నవాటిని మార్చి, సూదుల్ని కురచ చేసి, నూరి పదునుపెట్టి సిద్ధం చేసింది వడ్రంగి కొడుకే.

ఐలీన్ ఆ ఆపరేషన్ తట్టుకుంది. మెల్లగా కోలుకుంది. అయితే కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. మళ్లీ ఆపరేషన్ చేశారు గానీ బతకలేదు. మూడో బిడ్డ ఆరేళ్ల కుర్రాడు. బల్ల మీద ఉండగానే వాడి పెదవులు నీలం పోయి ఎర్రబడ్డాయి. ఇంక ఊరూరా, దేశదేశాలా వార్త పాకిపోయింది. బిడ్డల్ని చంకనేసుకుని తల్లులు బాల్టిమోర్ రైలెక్కారు. ఏడాది తిరిగేసరికి రెండు వందలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో వందకు పైగా ఆపరేషన్లలో బ్లాలాక్ వెనక ఆ స్టూలు ఉంది, దాని మీద థామస్ ఉన్నాడు.

1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ ఆపరేషన్ గురించి వ్యాసం వచ్చింది. రాసినవారు ఇద్దరు, బ్లాలాక్, టాసిగ్. థామస్ పేరు లేదు. పైన లేదు, లోపలా లేదు. ఆపరేషన్‌కూ వాళ్లిద్దరి పేరే స్థిరపడింది, ‘బ్లాలాక్-టాసిగ్ షంట్’ అని.

పేరు సరే, డబ్బు? బాల్టిమోర్‌లో ఖర్చులు ఎక్కువ. భార్య, ఇద్దరు కూతుళ్లు. ఇల్లు గడవక థామస్ సాయంత్రాలు వేరే పనులు చేసేవాడు. వాటిలో ఒకటి బ్లాలాక్ ఇంట్లో విందులకు పానీయాలు అందించడం. పొద్దున ల్యాబులో ఏ డాక్టర్లకు రక్తనాళం ఎలా కుట్టాలో చేయిపట్టి నేర్పాడో, సాయంత్రం వాళ్లకే గ్లాసులు అందించేవాడు! యుద్ధం అయ్యాక ఇళ్ల కట్టుబడి ఊపందుకుంది. నాష్‌విల్ వెళ్లి వడ్రంగం చేసుకుంటే ఇంతకంటే ఎక్కువే వస్తుందని లెక్కవేసుకుని, వెళ్లిపోతానన్నాడు. అప్పుడు బ్లాలాక్ కదిలాడు. 1946 నాటికి హాప్కిన్స్ టెక్నీషియన్లందరిలో ఎక్కువ జీతం థామస్‌దే అయింది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ పెంపు సేవకు గుర్తింపుగా వచ్చింది కాదు. మనిషి చేజారిపోతాడన్న భయంతో వచ్చింది. పనిచేసే చోట చాలా గుర్తింపులు ఇలాగే వస్తాయి. రాజీనామా కాగితం టేబుల్ మీద పెట్టాకే అందరికీ అతని విలువ తెలుస్తుంది.

డాక్టరు కావాలన్న కోరిక చావలేదు. బాల్టిమోర్‌లోనే ఒక కాలేజీలో చేరదామని వెళ్లాడు. ఇన్నేళ్ల అనుభవానికి ఒక్క మార్కు కూడా కలపబోమని, అందరిలాగే మొదటి ఏడాది నుంచి చదవాలని అన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. కాలేజీ, మెడిసిన్ అన్నీ అయ్యేసరికి యాభై నిండుతాయి. మానేశాడు. విశ్వవిద్యాలయాలకు పట్టా ఇవ్వడం వచ్చు. పట్టా లేకుండా వచ్చిన విద్యను కొలిచే తక్కెడ మాత్రం అప్పట్లో వాటి దగ్గర లేదు.

అయితే ఆ గదిలో నేర్చుకున్న వాళ్లకు ఆ తక్కెడ అక్కర్లేకపోయింది. ఐలీన్ ఆపరేషన్ రోజు థియేటర్లో ఉన్న కుర్ర డాక్టర్లలో డెంటన్ కూలీ ఒకడు. 1969లో మనిషికి తొలిసారి పూర్తి కృత్రిమ గుండె అమర్చింది ఆయనే. అనవసరమైన కదలిక ఒక్కటీ లేకుండా ఆపరేషన్ చేయడమంటే ఏమిటో థామస్ చేతులు చూసే తెలుసుకున్నామని కూలీ తర్వాత చెప్పుకున్నాడు. అలా నేర్చుకుని వెళ్లిన సర్జన్లు అమెరికాలోని పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో విభాగాధిపతులయ్యారు.

1964లో బ్లాలాక్ కన్నుమూశాడు. 1971లో ఆ పాత శిష్యులంతా కలిసి చందాలు వేసుకుని థామస్ చిత్రపటం గీయించారు. దేశం నలుమూలల నుంచీ వచ్చి హాప్కిన్స్‌లో ఆవిష్కరించారు. బ్లాలాక్ పేరు పెట్టిన భవనంలో, బ్లాలాక్ చిత్రపటం ఉన్న చోటే దాన్నీ వేలాడదీశారు. ఒకప్పుడు వెనకాల స్టూలు మీద నిల్చున్న మనిషి పక్కకు వచ్చాడు. చూడాల్సిన సంగతేమిటంటే, ఈ సన్మానం ముందు తలపెట్టింది విశ్వవిద్యాలయం పాలకవర్గం కాదు, శిష్యులు.

1976లో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అందులోనూ ఒక మెలిక ఉంది. అది వైద్యంలో డాక్టరేట్ కాదు, న్యాయశాస్త్రంలో! నిబంధనలు అడ్డొచ్చాయన్నారు. ఏదైతేనేం, అరవై అయిదేళ్ల వయసులో ఆయన పేరుకు ముందు డాక్టర్ అన్న మాట చేరింది. అప్పుడే సర్జరీ విభాగంలో అధ్యాపకుడిగా కూడా నియమించారు. 1941 నుంచీ చేస్తున్న పనికి 1976లో ఆ పేరు పెట్టారన్నమాట. ముప్పై అయిదేళ్లు పాఠం చెప్పాక ఉపాధ్యాయుడయ్యాడు! మూడేళ్లకే, 1979లో రిటైరయ్యాడు. తన కథ తానే రాసుకున్నాడు. 1985 నవంబరు 26న చనిపోయాడు. ఆ పుస్తకం కొద్దిరోజుల తర్వాత అచ్చయి వచ్చింది. 2004లో ఆయన జీవితం మీద హెచ్‌బీవో టీవీ సినిమా తీస్తే ప్రపంచానికంతటికీ తెలిశాడు.

ఇదంతా అమెరికాలో జాతి వివక్ష గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. వివక్ష నిజమే. కానీ చర్మం తెల్లగా ఉన్నవాళ్లకూ ఇదే జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ అబ్జర్వేటరీ సంగతి చూడండి. విలియమీనా ఫ్లెమింగ్ స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇల్లాలు. గర్భవతిగా ఉండగా భర్త వదిలేశాడు. 1879లో అబ్జర్వేటరీ డైరెక్టర్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. తన దగ్గర పనిచేసే మగవాళ్ల కంటే మా పనిమనిషి నయమని విసుక్కుని ఆయన ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాటెలా ఉన్నా, ఆమె మూడు వందలకు పైగా చరనక్షత్రాలను, పది నోవాలను కనిపెట్టింది. 1888లో గాజు పలక మీది ఫొటోలో గుర్రం తల ఆకారంలో ఉన్న చీకటి మబ్బును మొదట గుర్తించింది. దాన్నే ఇప్పుడు హార్స్‌హెడ్ నెబ్యులా అంటారు. ఆ తర్వాత వచ్చిన నెబ్యులాల పట్టికలో మాత్రం పేరు పికరింగ్‌ది పడింది. తర్వాతి పట్టికలో గానీ ఆమె పేరు చేరలేదు.

అయితే హార్వర్డ్ ఒక మంచిపని చేసింది. ఆమె బతికుండగానే, పనిలో ఉండగానే, 1899లో ఖగోళ ఛాయాచిత్రాల క్యురేటర్ అనే పదవి ఇచ్చింది. హార్వర్డ్‌లో అలాంటి అధికారిక పదవి పొందిన తొలి మహిళ ఆమే. మరి జీతం? 1900లో ఆమె రాసుకున్న డైరీ ఇప్పటికీ ఉంది. మగవాళ్లకు 2500 డాలర్లు ఇస్తూ తనకు 1500 ఇస్తున్నారని అందులో వాపోయింది. అడిగితే, ఆడవాళ్లకు ఈ జీతం చాలా ఎక్కువేనని పికరింగ్ జవాబు. ఇల్లు నడిపే బాధ్యత తనకూ లేదా అని ఆమె ప్రశ్న. పదవి వచ్చిన మరుసటి ఏడు మాట ఇది. పదవి, జీతం రెండూ ఒకే తాటి మీద నడవాలని ఎక్కడా లేదు మరి.

ఇంగ్లండ్‌లో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె.థామ్సన్ చేతిపనిలో మహా మొరటు. పరికరాల దగ్గరికి ఆయన వస్తుంటేనే అందరికీ గుండె గుభేలుమనేది. ఆ ప్రయోగాలకు కావాల్సిన గాజు గొట్టాలన్నీ ఊది తయారుచేసింది ఎబినేజర్ ఎవరెట్ అనే సహాయకుడు. ఎలక్ట్రాన్ పేరు చెబితే థామ్సన్ గుర్తొస్తాడు. ఎవరెట్ అంటే కొండే గుర్తొస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఉన్నత చదువు చదివిన ప్రతి ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరు జ్ఞాపకం ఉంటారు. బొటనీ ల్యాబులో మైక్రోస్కోపు ఎలా తిప్పాలో లెక్చరర్ కంటే ముందు చూపించిన అటెండరు. కేటలాగులో దొరకని పుస్తకాన్ని ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పే లైబ్రరీ అసిస్టెంటు. విదేశాలకు వెళ్లబోయే కుర్రాడు మార్కుల జాబితా పోగొట్టుకుని ఏడుపు మొహంతో వస్తే, పాతికేళ్ల నాటి రిజిస్టరు దుమ్ము దులిపి రెండు రోజుల్లో డూప్లికేటు తీయించిన ఎగ్జామినేషన్ బ్రాంచి గుమస్తా. హాస్టల్లో అర్ధరాత్రి జ్వరమొచ్చిన పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆయా. వీళ్లందరికీ కలిపి ఒకటే పేరు, ‘బోధనేతర సిబ్బంది’. వాళ్లేమిటో చెప్పే మాట కాదది, వాళ్లు ఏమి కారో చెప్పే మాట. ఇంట్లో భార్యను ‘భర్త కాని సభ్యురాలు’ అని పిలిస్తే ఎలా ఉంటుంది?

సెప్టెంబరు 5 వస్తే ఉత్తమ ఉపాధ్యాయులకు సన్మానాలు జరుగుతాయి. ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నవారే. ఆ సన్మానాలు జరగాల్సిందే, ఎవరూ కాదనరు. ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకు ఆగస్టు 15నో, జనవరి 26నో ప్రశంసాపత్రాలు ఇస్తుంటారు. అవీ మంచివే. మిగిలిన వాళ్లందరికీ ఉన్నది ఒకటే పండుగ, రిటైర్మెంట్ రోజు. శాలువా, పూలదండ, గోడ గడియారం. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ పేరుపెట్టి పిలవని ఆఫీసరు ఆ రోజు మైకు పట్టుకుని, ఈయన లేకపోతే మా విభాగమే లేదంటాడు. వింటున్న భార్యాబిడ్డలు కళ్లు తుడుచుకుంటారు. ఆ మాట పదేళ్ల ముందు కాగితం మీద రాసి ప్రమోషన్ ఫైలులో పెట్టి ఉంటే పెన్షన్‌లో తేడా కనిపించేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. శాలువా కప్పించుకోవడానికైనా మనిషి రిజిస్టర్లో ఉండాలి కదా! ఒకప్పుడు ఎన్.ఎం.ఆర్. అన్నారు, తర్వాత కాంట్రాక్టు అన్నారు, ఇప్పుడు అవుట్‌సోర్సింగ్ అంటున్నారు. పదేళ్లుగా అదే హాస్టల్లో వండుతున్న మనిషి విశ్వవిద్యాలయం మనిషా, ఏజెన్సీ మనిషా? ఏజెన్సీ మారితే సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా? ఉత్తమ సేవా పురస్కారం కోసం పేర్లు పంపమని సర్క్యులర్ వస్తే ఇతని పేరు ఎవరు పంపాలి? థామస్‌కు కనీసం ‘జానిటర్’ అనైనా విశ్వవిద్యాలయం పుస్తకంలో ఒక గడి ఉండేది.

బయటి దేశాలు ఈ విషయంలో కొంత దారి వేశాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎన్‌ఆర్‌ఎస్ 1992 నుంచి ఇంజినీర్లకు, టెక్నీషియన్లకు, ఆఫీసు సిబ్బందికి ‘క్రిస్టల్’ అనే పతకం ఇస్తోంది. శాస్త్రవేత్తలకు ఇచ్చే బంగారు, వెండి, కంచు పతకాల సరసనే దీన్నీ పెట్టారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏటా సిబ్బందికి ఎమీ బ్లూ పేరుతో పురస్కారాలు ఇస్తుంది. ఆమె ప్రొఫెసర్ కాదు, ఆ విశ్వవిద్యాలయ పరిపాలనా విభాగంలో పనిచేసిన అధికారి. సిబ్బందికిచ్చే బహుమతికి సిబ్బందిలో ఒకరి పేరే పెట్టడం బాగుంది.

అన్నిటికంటే ఆలోచించదగింది బ్రిటన్‌లో 2017లో మొదలైన ‘టెక్నీషియన్ కమిట్‌మెంట్’. ఇది బహుమతి కాదు, విశ్వవిద్యాలయాలు సంతకం చేసే ఒప్పందం. టెక్నీషియన్లు నలుగురికీ కనిపించాలి, వాళ్ల పనికి గుర్తింపు ఉండాలి, పైకి ఎదిగే దారి ఉండాలి, వాళ్ల నైపుణ్యం వాళ్లతోనే అంతరించిపోకుండా చూడాలి. సంతకం చేసిన ప్రతి సంస్థా ఏం చేయబోతోందో, ఎంతవరకు చేసిందో కాగితం మీద చూపించాలి. పరిశోధన వ్యాసాల్లో టెక్నీషియన్ పేరు ఎప్పుడు ఉండాలన్న చర్చ కూడా అక్కడ బాహాటంగానే జరుగుతోంది. 1945 నాటి వ్యాసానికి ఇలాంటి నియమం ఉంటే రచయితలు ముగ్గురై ఉండేవారు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. దండలు, శాలువాలు, షామియానా బిల్లు కంటే ఒక పేరు అచ్చువేయడం చవక.

మన విశ్వవిద్యాలయాలు ఇదంతా రేపే చేయాలని కాదు. ఒక చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. ఏడాదికొకసారి ప్రతి విభాగం అధిపతీ తన దగ్గర పనిచేస్తున్న వాళ్ల జీతాల పట్టీ తెప్పించుకుని, అందులో రాసి ఉన్న ఉద్యోగం పేరూ, ఆ మనిషి నిజంగా చేస్తున్న పనీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పాత విద్యార్థుల సంఘాలూ ఉన్నాయి. సిల్వర్ జూబ్లీ కలయికలకు గురువులందర్నీ పిలిచి కాళ్లకు మొక్కుతారు. ఆ ఆహ్వాన పత్రికల్లో ల్యాబ్ అటెండరు పేరు ఎన్నిటిలో ఉంటుంది? హాప్కిన్స్ శిష్యులు ఎవరి అనుమతికీ ఆగలేదు, చందాలు వేసుకుని తమ గురువు ఎవరో తామే తేల్చుకున్నారు.

హాప్కిన్స్ మెడికల్ స్కూలు తన విద్యార్థులను నాలుగు బృందాలుగా విభజించి, ఒకదానికి థామస్ పేరు పెట్టింది. 2021లో ఆయన పేరుతోనే పీహెచ్‌డీ విద్యార్థులకు 15 కోట్ల డాలర్ల విరాళంతో ఒక పథకం మొదలైంది. సైన్స్, ఇంజినీరింగ్ చదువులకు ఎక్కువగా రాలేకపోతున్న వర్గాల పిల్లల కోసం అది. కాలేజీ ఫీజు కట్టలేక ఆగిపోయిన మనిషి పేరు మీద ఇప్పుడు పీహెచ్‌డీలు చేస్తున్నారు.

ఆయన కుక్కల మీద నేర్చి మనుషులకు నేర్పిన ఆ ఆపరేషన్ కొద్ది మార్పులతో ఇప్పటికీ జరుగుతోంది. గుండె జబ్బుతో పుట్టిన బిడ్డను ఎత్తుకుని హైదరాబాద్ వచ్చే తల్లిదండ్రులు కొందరు డాక్టర్ల నోట ‘బీటీ షంట్’ అన్న మాట వింటుంటారు. బీ అంటే బ్లాలాక్, టీ అంటే టాసిగ్. ఈ మధ్య కొన్నేళ్లుగా వైద్య పత్రికల్లో చాలామంది దాన్ని ‘బీటీటీ షంట్’ అని రాస్తున్నారు. మధ్యలో చేరిన ఆ ‘టీ’ థామస్‌ది.